సిగరెట్ మానేశాక దగ్గు ఎందుకు పెరిగింది?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 46 సంవత్సరాలు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. 22 ఏళ్లుగా రోజుకు 15 సిగరెట్ల దాకా కాల్చేవాణ్ని. పొద్దున లేవగానే మంచం మీదే మొదటిది వెలిగించేవాణ్ని. మా పెద్దమ్మాయి పట్టుబట్టడంతో 19 రోజుల క్రితం ఒక్కసారిగా మానేశాను. ఆ తర్వాత ఒక్కటి కూడా ముట్టుకోలేదు. మానేస్తే ఒళ్లు బాగుపడుతుందనుకుంటే, ఇప్పుడే రోగిష్టివాణ్ని అయినట్టుంది. కాల్చే రోజుల్లో లేనంత దగ్గు వస్తోంది, తెల్లవారుజామున గోధుమరంగు కళ్లె పడుతోంది. నోటి నిండా పూత. విరేచనం మూడు రోజులకోసారి అవుతోంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, గుండె దడదడలాడుతుంటే లేచి కూర్చుంటున్నాను. సిగరెట్ తాగాలనిపించినప్పుడల్లా టీ తాగుతున్నాను కాబట్టి రోజుకు నాలుగు టీలు ఇప్పుడు ఎనిమిదయ్యాయి. అన్నిటికంటే బాధ కలిగించేది నా కోపం. మొన్న మా చిన్నమ్మాయి జామెట్రీ బాక్సు కింద పడేసిందని ఇల్లంతా దద్దరిల్లేలా అరిచాను. ఆ పిల్ల రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. ఆఫీసులో తోటి ఉద్యోగి ఒకాయన, "ఇన్నేళ్లు అలవాటుపడిన ఒంటికి ఒక్కసారిగా ఆపితే పడదు, రోజుకు రెండు కాలుస్తూ మెల్లగా మానుకో" అంటున్నారు. ఆయన చెప్పినట్టు చేయమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. రెండు కాదు, ఒక్కటి కూడా వద్దు. మానేసిన తర్వాత అత్యంత కష్టమైనవి రెండో రోజు, మూడో రోజు. ఆ ఘట్టాన్ని ఏ మందూ లేకుండా దాటి పంతొమ్మిది రోజులు నిలబడ్డారు. ఇప్పుడు రోజుకు రెండు కాల్చడమంటే, ఏరు దాటి అవతలి గట్టు అందుకోబోతున్న మనిషి మళ్లీ నడిమి ప్రవాహంలోకి దిగడమే. మీ తోటి ఉద్యోగి మీ మేలు కోరే ఆ మాట అన్నారని నమ్ముతాను, కానీ ఆ సలహా పాటిస్తే నికోటిన్ కోసం ఎదురుచూసే మెదడుకు రోజూ రెండుసార్లు ఆశ చూపించి, మిగతా సమయమంతా పస్తు పెట్టినట్టవుతుంది. మీరు పడుతున్న అవస్థకు ముగింపు లేకుండా పోతుంది.

మీ ఉత్తరంలో మీరు మాటవరసకు రాసిన టీ సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది కనుక ముందు దాని గురించే చెబుతాను. సిగరెట్ పొగలో ఉండే కొన్ని రసాయనాలు మన కాలేయంలో ఒక ఎంజైమును అదనంగా పనిచేయిస్తాయి. టీ, కాఫీలలోని కెఫీన్‌ను ఒంట్లోంచి వెళ్లగొట్టేది ఆ ఎంజైమే. అందువల్ల పొగ తాగేవారి ఒంట్లో కెఫీన్ ఎక్కువసేపు నిలవదు. ఇన్నేళ్లూ రోజుకు నాలుగు టీలు తాగినా మీకు హాయిగా నిద్ర పట్టడానికి కారణం అదే. పొగ ఆగిన కొద్ది రోజులకే ఆ ఎంజైము మామూలు స్థాయికి దిగిపోతుంది, అప్పుడు అదే నాలుగు కప్పుల టీ రక్తంలో దాదాపు రెట్టింపు కెఫీన్‌ను నిలుపుతుంది. మీరు ఆ నాలుగును ఎనిమిది చేశారు. రాత్రి మూడింటి మెలకువ, గుండె దడ, పిల్లల మీద కస్సుమనడం, వీటిలో నికోటిన్ లేకపోవడం వల్ల వచ్చినదెంతో, టీ వల్ల వచ్చినదెంతో విడదీయడం కష్టమే. కానీ టీ వాటా మాత్రం మీ చేతిలో ఉన్నది. రేపటి నుంచి రెండు టీలకు దిగండి, రెండోది మధ్యాహ్నం మూడింటిలోపు ముగించండి, మిగతా సమయాల్లో మజ్జిగో, సబ్జా నీళ్లో, వట్టి వేడినీళ్లో తాగండి. ఒకటి రెండు రోజులు తలనొప్పి వచ్చినా అది సర్దుకుంటుంది. వారంలో మీ నిద్రలో తేడా కనిపిస్తుందని నా అనుభవం మీద చెప్పగలను. సిగరెట్ మానేసినవారికి ఈ విషయాన్ని మా వైద్యులం చాలామందిమి చెప్పకుండా వదిలేస్తున్నాం. అది మా లోపమే.

ఇదే కారణం చేత ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక వ్యాధులకు ఓలాంజపిన్, క్లోజపిన్ వంటి మందులు వాడేవారు సిగరెట్ మానేసినప్పుడు వాటి మోతాదు తగ్గించాల్సి రావచ్చు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు చక్కెర మరికొంత తరచుగా చూసుకోవాలి. మీరు ఏ మందులూ వాడుతున్నట్టు రాయలేదు, అయినా ఇది చదివేవారిలో అటువంటివారు ఉండవచ్చు.

ఇక దగ్గు. మన శ్వాసనాళాల లోపలి గోడల మీద కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది. వరిచేను గాలికి ఊగినట్టు అది ఎప్పుడూ ఒకే దిక్కుకు, అంటే గొంతు వైపుకు ఊగుతూ, లోపలికి వెళ్లిన దుమ్మును, మసిని జిగురుతో సహా పైకి తోస్తూ ఉంటుంది. పొగ దాన్ని మొద్దుబారేలా చేస్తుంది. ఇన్నాళ్లూ మీకు పెద్దగా దగ్గు లేకపోవడం ఊపిరితిత్తులు బాగుండటం వల్ల కాదు, ఊడ్చే మనిషి నిద్రపోతున్నందువల్ల. ఇప్పుడు ఆ నూగు కోలుకుని, పేరుకున్నదాన్ని పైకి తోస్తోంది. ఆ గోధుమరంగు కళ్లె చాలావరకు పాత మసి. నీళ్లు ఎక్కువగా తాగితే కళ్లె పలచబడి తేలిగ్గా వస్తుంది. దగ్గును అణిచిపెట్టే సిరప్పులు మీ అంతట మీరు కొనుక్కుని తాగకండి. సాధారణంగా ఈ దగ్గు కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది, కొందరికి నెలలు పడుతుంది.

అయితే ఒక హెచ్చరిక. 22 ఏళ్లు పొగ తాగిన మనిషికి వచ్చిన దగ్గును, మానేసినందువల్లే వచ్చిందని పరీక్ష లేకుండా తేల్చేయడం నాకు సమ్మతం కాదు. రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా కళ్లె పరీక్ష చేయించాలన్నది మన దేశంలో క్షయ నిర్మూలన కార్యక్రమం చెప్పే నియమం. మీ దగ్గు ఆ గడువు దాటే ఉంటుంది. దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఆ పరీక్ష ఉచితంగా చేస్తారు. దానితోపాటు ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. కళ్లెలో రక్తపు చార కనిపించినా, సాయంత్రం పూట జ్వరం వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఒక్కరోజు కూడా ఆగవద్దు. గుండె దడ విషయంలోనూ అంతే. అది టీ వల్లనే కావచ్చు, అయినా మీ వయసులో ఒకసారి రక్తపోటు చూపించుకుని, ఇ.సి.జి. తీయించుకోవడం అవసరం. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో పాకే నొప్పి, చెమటలు ఉంటే అది సిగరెట్ మానేసిన లక్షణం కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన లక్షణం.

మలబద్ధకానికి కారణం తేలిక. నికోటిన్ పేగుల కదలికను పెంచుతుంది. పొద్దున్నే సిగరెట్ వెలిగిస్తే గాని విరేచనం కాదని చెప్పేవారందరి అనుభవం అదే. ఆ తోపు పోయింది కనుక పేగులు తమంతట తాము కదలడం మళ్లీ నేర్చుకోవాలి. జామకాయ, తోటకూర, జొన్నరొట్టె, ఉదయం లేవగానే రెండు గ్లాసుల నీళ్లు, అరగంట నడక, అవసరమైతే రాత్రి ఒక చెంచా ఇసబ్‌గోల్‌ను గ్లాసుడు నీళ్లలో కలిపి తాగడం చాలు. నోటి పూత కూడా మానేసిన తొలి వారాల్లో చాలామందికి వచ్చి తగ్గేదే. ఉప్పునీళ్లతో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించండి, పూత మానేదాకా ఆవకాయకు దూరంగా ఉండండి.

ఇప్పుడు మీరు అన్నిటికంటే బాధపడుతున్న కోపం దగ్గరకు వస్తాను. సిగరెట్ ఒత్తిడిని తగ్గించేదని, అది లేనందువల్ల ఇప్పుడు తట్టుకోలేకపోతున్నానని మీకు అనిపిస్తూ ఉంటుంది. మీరు లెక్కలు చూసేవారు కనుక ఈ లెక్క మీకు త్వరగా బోధపడుతుంది. రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అది పడిపోతున్నకొద్దీ చిరాకు, అలజడి మొదలవుతాయి. అప్పుడు ఇంకొకటి వెలిగిస్తే పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరి ఆ అలజడి చల్లారుతుంది. అంటే మీ సిగరెట్ తీర్చినది జీవితం తెచ్చిన ఒత్తిడిని కాదు, అంతకుముందు కాల్చిన సిగరెట్ మిగిల్చిన బాకీని. పాత అప్పు తీర్చడానికి రోజుకు పదిహేనుసార్లు కొత్త అప్పు చేస్తూ వచ్చారు. ఇప్పుడు అప్పు చేయడం ఆపారు కనుక వడ్డీతో సహా తీరుస్తున్నారు, అందుకే ఇంత భారంగా ఉంది. ఈ చిరాకు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో దిగిపోతుంది. మానేసినవారిని, మానలేకపోయినవారిని పోల్చిన అనేక పరిశోధనలను క్రోడీకరించి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన వ్యాసం, మానేసినవారిలో ఆందోళన, దిగులు, ఒత్తిడి మునుపటికంటే తగ్గాయని తేల్చింది.

మీ చిన్నమ్మాయిని దగ్గర కూర్చోబెట్టుకుని, "నాన్న సిగరెట్ మానేశాడు కదా, దానివల్ల కొన్నాళ్లు తొందరగా కోపం వస్తుంది, తప్పు నీది కాదు" అని చెప్పండి. పిల్లలకు అర్థం కాదని పెద్దలం అనుకుంటాం, కానీ కారణం తెలియని కోపమే వారిని ఎక్కువగా భయపెడుతుంది. కోపం వస్తున్నట్టు తెలియగానే గదిలోంచి బయటకు వెళ్లిపోయే అనుమతిని ఇంట్లోవారి దగ్గర ముందే తీసుకుని పెట్టుకోండి.

సిగరెట్ యావ సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాలకు మించి ఉండదు. ఆ ఐదు నిమిషాలు చేతులకు, నోటికి పని కావాలి. నా దగ్గరకు వచ్చే ఒక దర్జీ మిషను పక్కనే పాత బట్టల మూటను పెట్టుకున్నాడు. యావ వచ్చినప్పుడల్లా ఒక చొక్కా తీసి, బట్ట చిరగకుండా బ్లేడుతో ఒక్కొక్క పోగూ విప్పేవాడు. ఒక చేతి కుట్టు పూర్తిగా విప్పేసరికి యావ దాటిపోయేదట. అతని మూట అయిపోవడానికి రెండు నెలలు పట్టింది, ఆ తర్వాత మళ్లీ మూట కట్టవలసిన అవసరం రాలేదు. మీకూ అటువంటిది ఏదో ఒకటి దొరుకుతుంది. నోట్లోకి సోంపో, ఎండు ఉసిరి ముక్కో, యాలకో సరిపోతుంది. వక్కపొడి, ఖైనీ, గుట్కాల జోలికి మాత్రం వెళ్లవద్దు. టీ కొట్టు దగ్గర నిలబడటం ఒక నెల మానండి, ఎందుకంటే అక్కడి పొగ వాసనే మీకు సగం యావ తెస్తుంది.

అప్పటికీ నిలబడలేనంతగా అనిపిస్తే, మళ్లీ సిగరెట్ కాల్చడం కంటే నికోటిన్ గమ్ వాడటం ఎన్నో రెట్లు మేలు. అందులో నికోటిన్ తప్ప పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉండవు. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి సాధారణంగా 4 మిల్లీగ్రాముల గమ్, మిగతావారికి 2 మిల్లీగ్రాముల గమ్ సూచిస్తాం. 19 రోజులు గడిచాయి కనుక మీకు ఏది తగినదో వైద్యుడు చూసి చెప్పాలి. దాన్ని బబుల్‌గమ్‌లా నమిలి ఉమ్ము మింగేవారే ఎక్కువ, అందుకే ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి రెండో రోజే పక్కన పడేస్తారు. నాలుక చురచురలాడేదాకా నెమ్మదిగా నాలుగైదుసార్లు నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచాలి. చురచుర తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట చేయాలి. గమ్ వేసుకునే ముందు పావుగంట, అది నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ, నిమ్మరసం తాగకూడదు, తాగితే నికోటిన్ సరిగా లోపలికి వెళ్లదు. మీ నోటి పూత తగ్గేదాకా గమ్ బదులు, చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ నయం. బ్యూప్రోపియాన్, వరెనిక్లిన్ అనే మాత్రలు కూడా ఉన్నాయి, వాటిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి, మూర్ఛ ఉన్నవారు బ్యూప్రోపియాన్ వాడకూడదు.

మీ జేబులో ఉన్న సిగరెట్ పెట్టె మీద 2018 నుంచి 1800-11-2356 అనే నంబరును ముద్రిస్తూనే ఉన్నారు. అది ఉచితంగా సలహా ఇచ్చే జాతీయ సహాయ కేంద్రం, తెలుగులోనూ మాట్లాడతారు. మానేసినవారికి కూడా అది ఉపయోగపడుతుంది. కోపం స్థానంలో దిగులు నిలిచిపోయి, రెండు వారాలైనా ఏ పనీ చేయబుద్ధి కాకపోతే, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయండి. ఎక్స్‌రే, ఇ.సి.జి. ఫలితాలు వచ్చాక తప్పక రాయండి.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మా అమ్మకు 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచి అడ్డపొగ అలవాటు, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తుంది. మా పోరు పడలేక పది రోజుల క్రితం మానేసింది. ఇప్పుడు కారం తింటే అంగిలి మండుతోందట. చుట్ట ఉన్నప్పుడే నయమని మళ్లీ అడుగుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చుట్ట ఇవ్వకండి. అమ్మను వెలుతురులో కూర్చోబెట్టి, నోరు తెరవమని, టార్చి వేసి అంగిలి మొత్తం చూడండి. ఏళ్ల తరబడి నిప్పు వేడి తగిలిన అంగిలి తెల్లబారి, మందంగా మారి, మధ్యలో ఎర్రటి చుక్కలు ఉండవచ్చు. మామూలుగా చుట్ట కాల్చేవారిలో ఇటువంటి మార్పు మానేశాక క్రమంగా పోతుంది, కానీ అడ్డపొగ తాగేవారిలో దీన్ని క్యాన్సర్‌కు దారితీయగల మార్పుగానే చూడాలి. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవారికి అంగిలి క్యాన్సర్ రావడానికి ఈ అలవాటే ముఖ్య కారణమని దశాబ్దాల క్రితమే వైద్యులు గుర్తించారు. కారానికి మంట పుట్టడం పొగ మానేసినందువల్ల మాత్రమే అనుకోకుండా, ఈ వారంలోనే దంత వైద్య కళాశాలకో, జిల్లా ఆసుపత్రిలోని దంత వైద్యుని దగ్గరకో తీసుకువెళ్లండి. ఎర్రటి మచ్చ, పుండు, గట్టిపడిన చోటు ఏదైనా ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. భయపడి ఆ పరీక్షను వాయిదా వేయవద్దు. ఏమీ లేదని తేలినా ఆరు నెలలకోసారి చూపించండి. అంతవరకు కారం తగ్గించి, చల్లారిన గంజన్నం, పెరుగన్నం పెట్టండి. పొద్దున్నే చుట్ట కాల్చే వేళకు ఆమెను ఒంటరిగా వదలకుండా ఎవరైనా పక్కన కూర్చోండి. ఆ వేళకు ఆమెకు తోడు చుట్ట ఒక్కటే అయి ఉంటుంది.