డాక్టర్ సలహా: హాఫ్ మారథాన్ అయిన వారంలోనే కొండ మెట్లు ఎక్కొచ్చా? మళ్లీ పరుగు ఎప్పుడు?

ప్రశ్న: నా వయసు 44. తిరుపతిలో బ్యాంకు ఉద్యోగం. ఏడాదిన్నరగా పొద్దున్నే యూనివర్సిటీ వైపు పరుగుకు వెళ్తున్నాను. పోయిన ఆదివారం చెన్నైలో మొదటిసారి హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్ల పరుగు) పూర్తి చేశాను. రెండున్నర గంటలు పట్టింది. ఆ రోజు బాగానే ఉంది కానీ సోమవారం తొడలు పట్టేశాయి. మంగళవారం ఇంట్లో మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చింది. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు ఇస్తే రోజుకు రెండు వేసుకుంటున్నాను. బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నాను. ఈ రోజు, అంటే బుధవారం, కాస్త తేలికగా ఉంది. మా రన్నింగ్ గ్రూపులో వాళ్లు లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని, నాలుగు కిలోమీటర్లు పరిగెత్తితే అదే పోతుందని అంటున్నారు. రేసు పూర్తి చేస్తే అలిపిరి నుంచి చెప్పులు లేకుండా కొండెక్కి, నడిచే దిగి వస్తానని మొక్కుకున్నాను. ఈ శనివారం వెళ్లొచ్చా? పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలి? మూడు వారాల తర్వాత 10 కిలోమీటర్ల రేసుకు పేరు కూడా ఇచ్చేశాను.
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మొదటి హాఫ్ మారథాన్ పూర్తి చేసినందుకు అభినందనలు. మీరు పరుగు గురించి, కొండ గురించి అడిగారు. మీ ఉత్తరంలో నాకు ముందు కంటబడింది మాత్రం ఆ మాత్రలు. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

ఇంట్లో ఉన్న స్ట్రిప్పు తీసి వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్‌లలో ఏది కనిపించినా ఈ పూటతో ఆపేయండి. ఎందుకో చెప్తాను. 21 కిలోమీటర్లు పరిగెత్తితే చెమట రూపంలో చాలా నీరు పోతుంది. పైగా రక్తం ఎక్కువగా కండరాలకు మళ్లి, కిడ్నీలకు వెళ్లేది తగ్గుతుంది. అలాంటప్పుడు కిడ్నీలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల సాయంతో తమ రక్తనాళాలను తెరిచి ఉంచుకుంటాయి. ఈ నొప్పి మాత్రలు సరిగ్గా ఆ రసాయనాలనే అడ్డుకుంటాయి. మీరు వాడే టెల్మిసార్టాన్ మంచి మందే, కానీ అది కూడా కిడ్నీలో వడపోత జరిగే చోట ఒత్తిడిని తగ్గిస్తుంది. మీ బీపీ మాత్ర పేరు చివర 'హెచ్' అన్న అక్షరం ఉంటే అందులో మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా కలిసి ఉందని అర్థం. ఒంట్లో నీరు తక్కువగా ఉన్న రోజుల్లో ఈ మూడూ కలిస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషి కిడ్నీలు కూడా దెబ్బతినొచ్చు. దానికి తోడు దెబ్బతిన్న కండరాల నుంచి రక్తంలోకి వచ్చే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ని వడపోయాల్సింది కూడా ఆ కిడ్నీలే.

అలాగని భయపడి బీపీ మాత్ర మానేయకండి. మానాల్సింది నొప్పి మాత్ర ఒక్కటే. నొప్పి ఓర్చుకోలేకపోతే పారాసిటమాల్ 500 లేదా 650 వేసుకోండి. రెండు మాత్రలకు మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి, రోజుకు మూడుకు మించకూడదు. మెడికల్ షాపుల్లో ఇచ్చే నొప్పి మాత్రల్లో చాలావాటిలో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసిటమాల్ కూడా కలిపే ఉంటుంది. అది వేసుకుంటూ పైన ఇంకో డోలో (అదీ పారాసిటమాలే) వేసుకునేవాళ్లను చూస్తూనే ఉంటాం. పైపూత జెల్, స్ప్రే కొద్దిగా వాడితే ఫర్వాలేదు. ఇప్పటికే మూడు నాలుగు రోజులు మాత్రలు మింగారు కాబట్టి ఒక్కసారి కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే సీరం క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. పెద్ద ఖర్చేమీ కాదు, రిపోర్టు చాలాచోట్ల అదే రోజు ఇస్తారు. ల్యాబ్‌లో రేసు సంగతి చెప్పాల్సిన పని లేదు కానీ, రిపోర్టు చూసే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇక లాక్టిక్ యాసిడ్ మాట. ఇది మీ గ్రూపులోనే కాదు, ప్రతి గ్రూపులోనూ వినపడుతుంది. పరుగు ఆపిన గంట, గంటన్నరలో రక్తంలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మీరు చెన్నైలో మెడల్ పట్టుకుని ఫొటోలు దిగి బస్సెక్కేలోపే అది పోయి ఉంటుంది. సోమ, మంగళవారాల్లో మిమ్మల్ని ఏడిపించింది అది కాదు. వేల అడుగులు వేసే క్రమంలో కండరాల పోగుల్లో సన్నసన్నగా చిరుగులు పడ్డాయి. వాటిని బాగుచేయడానికి శరీరం అక్కడికి నీటిని, తెల్ల రక్తకణాలను పంపుతుంది. ఆ వాపు వల్ల వచ్చే నొప్పి మరుసటి రోజు మొదలై, రెండో రోజో మూడో రోజో బాగా ముదిరి, వారం లోపు తగ్గిపోతుంది. మీకు మంగళవారం ఎక్కువై బుధవారం తేలికపడింది కదా, అచ్చం ఇదే వరస. పరిగెత్తితే ఇది త్వరగా పోదు. కాసేపు నడిస్తే రక్తప్రసరణ పెరిగి బిగుతు సడలుతుంది, అంతవరకే.

ఇక్కడే చాలామంది మోసపోతారు. నొప్పి తగ్గినంత త్వరగా బలం తిరిగి రాదు. గుండె, ఊపిరితిత్తులు ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటాయి. కడుపునిండా అన్నం తింటే కండరాల్లో అయిపోయిన గ్లైకోజెన్ (శక్తి నిల్వ) కూడా ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది. దాంతో నాలుగో రోజుకు హుషారు వచ్చేస్తుంది. కానీ కండరం పూర్తి బలానికి రావడానికి వారం పైనే పట్టొచ్చు. మడమ వెనక గట్టి తాడులా చేతికి తగిలే అకిలిస్ టెండన్‌కు, మోకాలి చిప్ప కిందున్న టెండన్‌కు రక్తప్రసరణ తక్కువ, అవి ఇంకా నిదానం. అలసిన కండరం అడుగు దెబ్బను సరిగా మోయలేదు. ఆ భారం కీళ్ల మీద, ఎముకల మీద పడుతుంది. రేసు రోజు ఏ గాయమూ లేకుండా బయటపడి, ఆ తర్వాతి వారంలో కాలు పాడుచేసుకుని మా దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు.

ఇప్పుడు కొండ. సూటిగా చెప్పాలంటే ఈ శనివారం వద్దు. కారణం ఎక్కడం కన్నా దిగడంలోనే ఎక్కువగా ఉంది. మెట్టు ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. ఆయాసం వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరానికి జరిగే నష్టం మాత్రం తక్కువ. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువును ఆపాలి, ప్రతి మెట్టుకూ బ్రేకు వేయాలి. పైన చెప్పిన చిరుగులు ఎక్కువగా పడేది ఇలా సాగుతూ పనిచేసినప్పుడే. ఆయాసం ఉండదు కాబట్టి మనిషికి ఆ కష్టం తెలియదు. మంగళవారం మీ ఇంట్లో మెట్లు ఎక్కగలిగి దిగలేకపోయింది అందుకే. అలిపిరి దారిలో 3550 మెట్లు ఉన్నాయి. మోకాళ్ల మెట్టు దగ్గర నిటారుగా ఉన్న మెట్లను దిగేటప్పుడు గమనించండి, మామూలు రోజుల్లో వచ్చినవాళ్లకు కూడా తొడలు వణుకుతుంటాయి. ఇంకా మానని కండరంతో అక్కడ అడుగు తడబడితే మోకాలి లిగమెంటు మీదికే వస్తుంది.

వచ్చే శనివారానికి మార్చుకోండి. అప్పటికి రేసు అయి 13 రోజులు అవుతుంది. స్వామి ఎక్కడికీ పోడు, మొక్కు వారం ఆలస్యమైతే తప్పూ లేదు. అప్పుడు కూడా అలిపిరి నుంచి నిదానంగా ఎక్కండి. దూరం తక్కువని శ్రీవారి మెట్టు వైపు వెళ్లకండి, అక్కడ ఎక్కుడు ఎక్కువ. గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చోండి. దర్శనం అయ్యాక ఆర్టీసీ బస్సులో దిగండి. నడిచి దిగుతానని మొక్కుకున్నారు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో ఓ మాట మాట్లాడుకోండి. దిగే మొక్కును 10 కిలోమీటర్ల రేసు అయ్యాక ఇంకో రోజుకు పెట్టుకోవచ్చు. చెప్పులు లేకుండా అన్నారు కాబట్టి అరికాళ్లు కూడా చూసుకోండి. రేసులో లేచిన బొబ్బలు పూర్తిగా ఆరి, చర్మం గట్టిపడ్డాకే ఆ సాహసం చేయాలి. బొబ్బ పైచర్మం కత్తిరించకండి, అదే లోపలి పుండుకు మూత. కాలి గోరు నల్లబడి ఉంటే దాని మానాన దాన్ని వదిలేయండి. శనివారం ఒక్కపొద్దు ఉండే అలవాటుంటే ఈ ఒక్క వారం మానేయండి. కోలుకుంటున్న కండరానికి తిండి కావాలి.

మరి పరుగు సంగతి. ఈ జవాబు మీరు చదివేసరికి గురువారమో శుక్రవారమో అవుతుంది. ఆ రెండు రోజులూ అరగంట చొప్పున చదునైన చోట నడవండి, లేదంటే సైకిల్ తేలిగ్గా తొక్కండి. శుక్రవారం సాయంత్రం ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టుకోండి. రెయిలింగ్ పట్టుకోకుండా ఒక అంతస్తు మెట్లు మామూలుగా దిగండి. తర్వాత ఒక్కో కాలి మీద నాలుగైదు సార్లు గెంతండి. ఎక్కడా నొప్పి పొడవకపోతే శనివారం పొద్దున మట్టి నేల మీద 20 నిమిషాలు వెళ్లొచ్చు. అందులో నాలుగు నిమిషాలు జాగింగ్, ఒక నిమిషం నడక, ఇలా మారుస్తూ పోండి. వేగం ఎంతంటే, గోవింద నామాలు పైకి చెప్తుంటే మధ్యలో ఊపిరి తెగకూడదు. వాచీలో పేస్ చూసుకునే అలవాటుంటే ఆ వాచీని ఇంట్లో వదిలేసి వెళ్లండి. జాగింగ్ మొదట్లో ఉన్న బిగుతు పోనుపోను సడలితే మంచిదే. నడిచే కొద్దీ నొప్పి పెరుగుతున్నా, కుంటుతున్నా అక్కడితో ఆపి ఇంటికి వచ్చేయండి. ఆదివారం సెలవు. సోమవారం అరగంట, బుధవారం మళ్లీ అరగంట, శుక్రవారం కాళ్లకు విశ్రాంతి, శనివారం ఎలాగూ కొండ. అలిపిరి వైపు ఎక్కుడు రోడ్డు మీద పరుగు, గ్రౌండులో స్పీడ్ రౌండ్లు రెండు వారాల వరకు మాట ఎత్తకండి.

ఇంకో చిన్న పని. పొద్దున లేవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నాడి నిమిషం పాటు లెక్కపెట్టండి. మీకు మామూలుగా ఉండేదానికన్నా పది దాకా ఎక్కువుంటే ఆ రోజు పరుగు మానేసి నడవండి. నిద్ర చాలకపోయినా, జలుబు చేసినా నాడి ఇలాగే పెరుగుతుంది. జ్వరం ఉంటే మాత్రం నాడి చూడాల్సిన పని కూడా లేదు, పరుగు పూర్తిగా బంద్. వైరల్ జ్వరంలో పరిగెత్తితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది.

గట్టిగా మసాజ్ చేయించుకోవాలన్న కోరిక ఉంటే ఇంకో రెండు రోజులు ఆగండి. పిక్కలు లాగి లాగి స్ట్రెచింగ్ చేయడం కూడా ఇప్పుడు అనవసరం. తిండిలో కొత్తగా చేయాల్సింది పెద్దగా లేదు. మన రాగి సంగటి పిండిపదార్థానికి బాగా పనికొస్తుంది. అయితే ప్రోటీన్ అందులో తక్కువే కాబట్టి పక్కన పప్పో, ఉలవచారో, గుడ్లో, కోడిపులుసో ఉండాలి. ఒంటి బరువు కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ అందితే చాలు, డబ్బా పౌడర్లు కొనక్కర్లేదు. బీపీ ఉంది కాబట్టి ఊరగాయలు, ఉప్పు ఎక్కువేసిన మజ్జిగ మితంగా తీసుకోండి. నీళ్లు దాహానికి తగ్గట్టు తాగండి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టే. బలవంతంగా లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది.

మూత్రం కోలా రంగులోనో, పాలు లేని టీ డికాషన్ రంగులోనో వస్తున్నా, బాగా తగ్గిపోయినా ఎవరినీ అడుగుతూ కూర్చోకండి. కండరాలు పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయనడానికి అది గుర్తు. అదే పూట రుయాకో, స్విమ్స్‌కో, దగ్గరున్న పెద్దాసుపత్రికో వెళ్లండి. తొడలు రాయిలా ఉబ్బి, నొప్పి తగ్గాల్సిన రోజుల్లో పెరుగుతున్నా అంతే. రెండు కాళ్లూ సమానంగా నొప్పెడితే మామూలే. ఒక్క పిక్కే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. రేసు అయ్యాక చెన్నై నుంచి కాళ్లు ముడుచుకుని కూర్చుని ప్రయాణం చేసి ఉంటారు కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మోకాలి కింద ముందు ఎముక మీద గానీ, పాదం మీద గానీ వేలితో చూపించగలిగే ఒక్కచోటే నొప్పి ఉండి, రాత్రి పడుకున్నా తగ్గకపోతే ఎముకలో సన్నని పగులు అనుమానించాలి. మొదట్లో ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరం పడొచ్చు. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, గుండె దడ ఉంటే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మూడు వారాల తర్వాతి 10 కిలోమీటర్ల రేసుకు వెళ్లొచ్చు, పోటీకి మాత్రం కాదు. ముందు వారంలో ఆగకుండా 7 కిలోమీటర్లు హాయిగా పరిగెత్తగలిగితే వెళ్లండి. హాఫ్ మారథాన్‌లో ఏ వేగంతో వెళ్లారో అంతకన్నా నెమ్మదిగా పూర్తి చేయండి. ఒకసారి ఇలా దెబ్బతిని మానిన కండరం కొన్ని వారాల పాటు అదే పనికి తట్టుకుంటుంది కాబట్టి ఈసారి తొడలు ఇంతగా పట్టేయవు. ఆ రేసుకు వెళ్లే ముందు చేయాల్సిన పని ఒకటి మిగిలింది. 44 ఏళ్లు, బీపీ ఉంది కాబట్టి ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష గురించి మీ బీపీ డాక్టరును అడగండి. రేసు రోజు పొద్దున టెల్మిసార్టాన్ ఎన్ని గంటలకు వేసుకోవాలో కూడా అప్పుడే కనుక్కోండి.