భారీ కోతను తట్టుకోలేని చైన్‌సా అంటగట్టారు: డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది ముషీరాబాద్. పదకొండేళ్లుగా చెట్లు కొట్టే పని చేస్తూ కుటుంబాన్ని పోషించుకుంటున్నాను. మిషన్ నేనే పడతాను. తోడుగా నా తమ్ముడు, పని ఎక్కువైన రోజుల్లో ఒక కూలీ ఉంటారు. ఆరు నెలల క్రితం రాణిగంజ్‌లోని ఒక దుకాణంలో 31,500 రూపాయలకు చైన్‌సా (పెట్రోల్‌తో నడిచే గొలుసు రంపం) కొన్నాను. చింత, వేప, తుమ్మ మొద్దులను రోజంతా కోయాలని, రెండడుగుల లావు మానులు కూడా వస్తుంటాయని ముందే చెప్పి, ఒక చింతమాను ఫొటో కూడా వాట్సాప్‌లో పంపాను. కంపెనీ పేరు నేను చెప్పాను కానీ మోడల్ వాళ్లనే చూపించమన్నాను. ‘ఎంత పనికైనా ఆగదు’ అంటూ 45 సీసీ మిషన్‌కు 22 అంగుళాల బార్ (చైన్ తిరిగే పొడవాటి పలక) తగిలించి ఇచ్చారు. పది వారాలకే ఇంజిన్ సీజ్ అయింది (పట్టేసి ఆగిపోయింది). డబ్బా లోపలి వారంటీ కార్డులో ‘గృహ వినియోగానికి మాత్రమే’ అని ఉందనీ, నేను వ్యాపారానికి వాడాను కాబట్టి వారంటీ గానీ వినియోగదారుల కోర్టు గానీ వర్తించవనీ అంటున్నారు. పాతది ఇచ్చేస్తే కొత్త పెద్ద మిషన్ ధరలో 6,000 తగ్గిస్తామంటున్నారు. బిల్లులో ‘చైన్‌సా, 1’ అని మాత్రమే రాశారు. నేనేం చేయాలి? మళ్లీ కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: దుకాణదారు చెప్పిన రెండు మాటల్లో వినియోగదారుల కోర్టు గురించిన మాట మీ విషయంలో తప్పు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) వాణిజ్య ప్రయోజనం కోసం వస్తువు కొన్నవారిని వినియోగదారు నిర్వచనం నుంచి తప్పించిన మాట నిజమే. అయితే అదే సెక్షన్‌కు ఇచ్చిన వివరణలో, స్వయం ఉపాధి ద్వారా కేవలం తన జీవనోపాధి సంపాదించుకోవడానికి కొని, తానే వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని స్పష్టంగా ఉంది. ఇదే అర్థమున్న పాత చట్టపు వివరణను సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో విపులంగా చర్చించింది. లేత్ మిషన్‌నో ఆటోనో కొని తానే నడుపుకునేవాడు, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన వినియోగదారు కాకుండా పోడని, కొన్న యంత్రాన్ని పూర్తిగా ఇతరుల చేత నడిపించేవాడు మాత్రం ఆ రక్షణ పొందలేడని చెప్పింది. మిషన్ మీ చేతిలో ఉంటుంది, తమ్ముడూ కూలీ కొమ్మలు లాగుతారు, తాళ్లు పడతారు కాబట్టి మీరు ఆ గీతకు ఇవతలే ఉన్నారు. మీకు నాలుగైదు మిషన్లు, వాటి మీద జీతగాళ్లు ఉండి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. ఫిర్యాదులో ఈ సంగతిని మొదటి పేరాలోనే, ‘నేను స్వయంగా నడుపుతాను, ఇదే నా జీవనాధారం’ అని వివరంగా రాయించండి. ఆ వాక్యం లేకుండా దాఖలైన ఫిర్యాదులు మొదటి అభ్యంతరం దగ్గరే చిక్కుకుపోతాయి.

ఇక అసలు హక్కు వస్తు విక్రయ చట్టం, 1930 నుంచి వస్తుంది. వస్తువు తనకు ఏ పనికి కావాలో కొనేవాడు అమ్మేవాడికి తెలియజేసి, అమ్మేవాడి పరిజ్ఞానాన్ని నమ్ముకుని కొన్నప్పుడు, ఆ రకం వస్తువులు అమ్మడం అతని వ్యాపారమే అయినప్పుడు, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలన్న షరతు కాగితం మీద రాయకపోయినా ఒప్పందంలో ఇమిడి ఉంటుందని సెక్షన్ 16(1) చెబుతుంది. మీరు పని చెప్పారు, ఫొటో పంపారు, మోడల్ నిర్ణయం వారికి వదిలారు, కాబట్టి షరతుకు కావలసినవన్నీ ఉన్నాయి.

అయితే అదే సెక్షన్‌కు ఒక మినహాయింపు ఉంది. ఫలానా కంపెనీ పేరుతో ఫలానా వస్తువే కావాలని అడిగి కొంటే, ప్రత్యేక ప్రయోజనానికి అది పనికొస్తుందన్న హామీ ఉండదు. కంపెనీ పేరు మీరే చెప్పారన్న కారణంతో ఎదుటి న్యాయవాది దీన్ని తప్పక పట్టుకుంటాడు. దీనికి సమాధానం మన చట్టానికి మూలమైన ఇంగ్లండ్ చట్టం మీద 1925లో వచ్చిన బాల్డ్రీ వర్సెస్ మార్షల్ తీర్పులో ఉంది. దూరప్రయాణాలకు అనువైన, సుఖంగా ఉండే కారు కావాలని అడిగిన వ్యక్తికి డీలర్లు బుగాటీ కారును సూచించి అమ్మారు, అది అందుకు పనికిరాలేదు. ఒప్పందంలో కారును పేరుతో పేర్కొన్నా, అమ్మినవారి సలహా మీద ఆధారపడి కొన్నాడు కాబట్టి ఆ మినహాయింపు అడ్డురాదని అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. మీరు కంపెనీ పేరు మాత్రమే చెప్పి, మోడల్ ఎంపిక దుకాణదారుకు అప్పగించారు. కాబట్టి మీ పరిస్థితి ఆ కొనుగోలుదారు పరిస్థితి కంటే బలహీనమైనదేమీ కాదు.

వారంటీ కార్డు సంగతి. ఇలాంటి షరతులను స్పష్టమైన ఒప్పందంతో తొలగించుకోవచ్చని వస్తు విక్రయ చట్టంలోని సెక్షన్ 62 అనుమతిస్తుంది కానీ, ఆ ఒప్పందం అమ్మకానికి ముందు గానీ అమ్మకం సమయంలో గానీ జరిగి ఉండాలి. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నాక డబ్బా విప్పితే కనిపించిన మాటకు మీరు ముందే ఒప్పుకున్నట్లు చెప్పడం కష్టం. పైగా ‘గృహ వినియోగానికి మాత్రమే’ అన్న మాట మీ వాదనకే ఆసరా ఇస్తుంది. తయారీదారు స్వయంగా ఇంటి అవసరాలకు మాత్రమేనని రాసిన యంత్రాన్ని, రోజంతా మొద్దులు కోస్తానని చెప్పిన మనిషికి ‘ఎంత పనికైనా ఆగదు’ అని అమ్మడం, వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(47) చెప్పే అనుచిత వాణిజ్య పద్ధతి. వస్తువు ఒక స్థాయిదని, ఒక నాణ్యత గలదని అబద్ధం చెప్పడం ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఆ కార్డు షరతునే అన్యాయపు ఒప్పందంగా సవాలు చేయాలంటే రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు (వినియోగదారుల కోర్టులను చట్టం కమిషన్లు అంటుంది) వెళ్లాల్సి ఉంటుంది. మీకు ఆ దూరం అవసరం లేదు, ఆ దారి పట్టమని నేను సలహా ఇవ్వను.

మీ కేసులోని బలహీనతను కూడా చెప్పాలి. మిషన్‌ను పది వారాలు వాడారు. వస్తువును సమంజసమైన గడువు దాటి, తిరస్కరిస్తున్నట్లు తెలపకుండా ఉంచుకుంటే స్వీకరించినట్లేనని వస్తు విక్రయ చట్టంలోని సెక్షన్ 42 అంటుంది. అప్పుడు మిషన్‌ను వెనక్కి ఇచ్చేసి పూర్తి ధర రాబట్టే హక్కు సన్నగిల్లి, సెక్షన్ 59 కింద నష్టపరిహారం మిగులుతుంది. సివిల్ కోర్టు కంటే వినియోగదారుల కమిషన్ మీకు మేలని నేను అనడానికి ఇదే కారణం. లోపం సరిచేయడం, వస్తువు మార్చడం, ధర వాపసు, పరిహారం, వీటిలో తగినదాన్ని ఆదేశించే విస్తృత అధికారం 2019 చట్టంలోని సెక్షన్ 39 కమిషన్‌కు ఇచ్చింది. రెండో బలహీనత టూటీ ఆయిల్ (ఇలాంటి ఇంజిన్లలో పెట్రోల్‌తో కలిపే ఆయిల్). పెట్రోల్‌లో ఆయిల్ తక్కువైనా, నాసిరకంది కలిపినా పిస్టన్ గీసుకుపోయి పట్టేస్తుంది. తప్పు మీదేనని వాళ్లు అనబోయేది ఇక్కడే. కంపెనీ చెప్పిన ఆయిల్‌ను, పుస్తకంలో ఉన్న పాళ్లలోనే (చాలా కంపెనీలు తమ ఆయిల్‌కు 50 పాళ్ల పెట్రోల్‌కు ఒక పాలు అంటాయి) కలిపినట్లు చూపే ఆయిల్ డబ్బాలు గానీ, కొన్న రసీదులు గానీ ఉంటే భద్రం చేయండి. ఇంజిన్‌ను మీకు తెలిసిన మెకానిక్ చేత విప్పించకండి. ఒకసారి విప్పితే తర్వాత ఏ నిపుణుడి నివేదికనూ వాళ్లు ఒప్పుకోరు. పరీక్ష అవసరమైతే తగిన ప్రయోగశాలకు పంపమని 2019 చట్టంలోని సెక్షన్ 38 కింద కమిషన్‌నే కోరవచ్చు. వాట్సాప్ సందేశాలను ఫోన్ నుంచి చెరిపేయకండి. వాటి నకళ్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేస్తే అభ్యంతరం రాదు.

ముందుగా దుకాణానికి, తయారీదారుకు (విదేశీ సరుకైతే దిగుమతిదారుకు, ఆ పేరు, చిరునామా డబ్బా మీద ఉండి తీరాలి) స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, 15 రోజుల గడువు ఇవ్వండి. చట్టం నోటీసును తప్పనిసరి చేయలేదు కానీ, వాళ్లిచ్చే జవాబు మీకు పనికొచ్చే సాక్ష్యమవుతుంది. ఫలితం లేకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లో ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉన్న కేసులు అక్కడికే వస్తాయి. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. గడువు రెండేళ్లు. మిషన్ ఆగిన రోజు నుంచి కాక, కొన్న రోజు నుంచి లెక్కించుకుంటే ఏ వివాదమూ ఉండదు.

కొత్త మిషన్ ఎంపిక గురించి అడిగారు. నేను మెకానిక్‌ను కాను. కానీ ఈ తరహా వివాదాల్లో ఇరుపక్షాల నిపుణులు ఏ అంకెల దగ్గర తగవు పడతారో అవే మీరు కొనేటప్పుడు చూడవలసిన అంకెలు. మొదటిది ఇంజిన్ పరిమాణం, శక్తి. 45 సీసీ తరగతి మిషన్ సుమారు 2.3 కిలోవాట్లు ఇస్తుంది. రోజూ మొద్దులు కోసేవారి 70 సీసీ తరగతి మిషన్ దాదాపు 4, తొంభై సీసీ దరిదాపుల్లోవి 5 కిలోవాట్ల వరకు ఇస్తాయి. డబ్బా మీద రాసిన సీసీ నిజమో కాదో తేల్చడం సులువు. సిలిండర్ లోపలి వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 36 మిల్లీమీటర్లు అయితే లెక్క 70.7 సీసీకి వస్తుంది. అందుకే ఆ రెండు కొలతలు ఉన్న కంపెనీ పత్రాన్ని అడిగి తీసుకోండి. రెండోది నిర్మాణం. వృత్తిపరమైన మిషన్లలో క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు భాగపు గుల్ల) మెగ్నీషియంతో ఉండి విడిగా బిగించిన సిలిండర్ ఉంటుంది. ఇంటి వాడకపు మిషన్లలో చాలావాటికి ఇంజిన్ ప్లాస్టిక్ ఒంట్లో కూర్చుంటుంది. ఇవి గంటల తరబడి వేడిని తట్టుకోవడానికి చేసినవి కావు. మూడోది బార్. మీకిచ్చిన 45 సీసీకి 22 అంగుళాల బార్ ఎక్కువ బరువు, చింత లాంటి గట్టి చేవలో అది పూర్తిగా దిగబడితే ఇంజిన్ నిమిషనిమిషానికీ ఈడ్చుకుంటూ వేడెక్కుతుంది. రెండడుగుల మానును 70 సీసీకి 20 నుంచి 25 అంగుళాల బార్‌తో, అవసరమైతే రెండు వైపుల నుంచీ కోయవచ్చు. చైన్ పిచ్ (చైన్ లింకుల మధ్య దూరపు కొలత) అంగుళంలో మూడెనిమిదో వంతు ఉన్నది ఈ తరగతికి మామూలు.

చెట్టు ఎక్కి కొమ్మలు దించడానికి మాత్రం ఆ బరువైన మిషన్ వాడకండి. పెద్ద మిషన్ బార్, చైన్ లేకుండానే ఆరేడు కిలోలు తూగుతుంది. కొమ్మలకు వేరే చిన్నది పెట్టుకోండి, రెండూ ఒకే మిషన్ చేయాలనుకోవడం దగ్గరే ఎంపిక చెడుతుంది. చైన్ బ్రేకు, చైన్ క్యాచర్ (తెగిన చైన్‌ను ఆపే కొక్కెం), థ్రాటిల్ లాక్ (పొరపాటున వేగం పెరగకుండా ఆపే మీట), కంపనం తగ్గించే స్ప్రింగులు ఉన్నాయో లేదో దుకాణంలోనే చేత్తో పట్టి చూడండి. ఏళ్ల తరబడి కంపనం తగిలితే వేళ్ల రక్తప్రసరణ దెబ్బతింటుంది, ఆ నష్టం ఏ కమిషనూ పూడ్చలేదు. బార్ కొన తగిలి మిషన్ వెనక్కి తన్నినప్పుడు బ్రేకు లోపం వల్ల గాయమైతే 2019 చట్టంలోని ఆరో అధ్యాయం కింద తయారీదారు మీద ఉత్పత్తి బాధ్యత దావా ఉంటుంది. కానీ బ్రేకు తీసేసో, మార్చేసో వాడితే సెక్షన్ 87 ఆ దారిని మూసేస్తుంది. కూలీకి గాయమైతే పరిహారం బాధ్యత ముందుగా యజమానిగా మీ మీదే పడుతుంది, కాబట్టి హెల్మెట్, కంటి అద్దాలు, కాళ్లకు కోత తగలని రక్షణ వస్త్రం అతనికి కూడా కొనండి.

ఇవన్నీ దుకాణదారుకు నోటితో చెప్పి వదిలేయకండి. ‘రోజుకు ఇన్ని గంటలు, ఇంత లావు చింత, వేప మొద్దులు కోయడానికి తగిన చైన్‌సా’ అని రాసిన కొటేషన్ అడగండి. బిల్లులో మోడల్, క్రమసంఖ్య, సీసీ, బార్ పొడవు రాయించండి. వాణిజ్య వాడకానికి వారంటీ ఎన్ని నెలలో రాతలో తీసుకోండి. అలా రాయడానికి వెనుకాడే దుకాణంలో కొనకండి. వస్తు విక్రయ చట్టంలోని సెక్షన్ 16 పనిచేసేది మీ ప్రయోజనం అవతలివాడికి తెలుసునని చూపగలిగినప్పుడే, ఆ ఒక్క కాగితం పది మంది సాక్షుల పని చేస్తుంది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మిషన్ పోయే ప్రమాదం ఇందులోనూ ఉంది. నీరు, భూమి, వృక్షాల చట్టం, 2002 (వాల్టా) ప్రకారం సొంత స్థలంలోని చెట్టును కొట్టాలన్నా స్థల యజమాని సాధారణంగా అధికారుల నుంచి అనుమతి పొందాలి. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించిన తర్వాత ఈ నగరంలో రంపం చప్పుడు వింటే జనం వెంటనే ఫిర్యాదు చేస్తున్నారు, అలా చేయడం నా దృష్టిలో మంచిదే. ఇంటివాళ్లు ‘మా చెట్టే’ అన్నా అనుమతి పత్రం నకలు చేతికి వచ్చాకే పని మొదలుపెట్టండి. అటవీ నేరంలో వాడిన పనిముట్లను స్వాధీనం చేసుకునే అధికారం అటవీ చట్టం అధికారులకు ఇచ్చింది.

చివరిగా, 6,000 రూపాయల మార్పిడి ప్రతిపాదన. దానికి ఒప్పుకోకండి. సీజ్ అయిన ఆ మిషనే మీ కేసులో ప్రధాన సాక్ష్యం. అది వారి చేతికి వెళితే పరీక్షించడానికి ఏమీ మిగలదు, పైగా ‘పూర్తి పరిష్కారంగా తీసుకున్నాను’ అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. పని ఆగకూడదు కాబట్టి కొత్త మిషన్‌ను వేరే దుకాణంలో కొనుక్కోండి. పాతదాన్ని బార్, చైన్, డబ్బా, వారంటీ కార్డుతో సహా గోనెసంచిలో కట్టి, క్రమసంఖ్య కనిపించేలా ఫొటోలు తీసి ఇంట్లో పెట్టుకోండి.