పోలీసులు అడిగితే మాట్లాడాలా? అడగనిది మాట్లాడి నేను చేసిన నిర్వాకం

పక్కింటి గొడవలో సాక్షిగా ఒకసారి వచ్చి వెళ్ళమని స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిందన్నారు. నోరు విప్పొద్దని మీ స్నేహితుడు చెప్పాడన్నారు. రోడ్డు మీద ఆపినా, విచారణకు పిలిచినా పోలీసులతో అసలు మాట్లాడాలా వద్దా అని అడిగారు. మీ స్నేహితుడు ఇంగ్లీషు సినిమాలు ఎక్కువ చూస్తాడని నా అనుమానం. మాట్లాడండి. కానీ నాలాగా మాట్లాడకండి.

ఐదారేళ్ళ కిందట మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి ఒకే రాత్రి రెండు బైకులు పోయాయి. అందులో ఒకటి మా పై ఫ్లాట్ కుర్రాడిది, ఇంకా వాయిదాలు కూడా తీరలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక బాల్కనీలో పచార్లు చేశానని పొద్దున్నే అందరి ముందూ గొప్పగా చెప్పింది నేనే. ఇంకేముంది, మధ్యాహ్నానికి నన్ను స్టేషన్‌కు రమ్మన్నారు.

వెళ్ళాక గంటన్నర కూర్చోబెట్టారు. సార్ బందోబస్తుకు వెళ్ళారు, ఇప్పుడే వస్తారు అంటారు. ఆ 'ఇప్పుడే' ఎంతసేపో స్టేషన్‌కు వెళ్ళినవాళ్ళకే తెలుసు. మనం సాయం చేయడానికి వచ్చామన్న సంగతి అక్కడి బెంచీకి పట్టదు. దొంగ, ఫిర్యాదు ఇచ్చినవాడు, సాక్షి, అందరికీ అదే బెంచీ. యాభై ఏళ్ళ మనిషిని పట్టుకుని పాతికేళ్ళ కానిస్టేబుల్ 'నువ్వు ఏ కేసు?' అంటాడు. సరే, అదొక పెద్ద పురాణం.

ఎస్సై గారు వచ్చారు. చెడ్డాయన కాదు. కేకలు వేయలేదు, టీ కూడా తెప్పించారు. బాల్కనీలో ఎన్నింటి దాకా ఉన్నారని అడిగారు. పన్నెండున్నర నుంచి ఒంటిగంట దాకా అన్నాను. ఎవరినైనా చూశారా అన్నారు. గేటు దగ్గర ఎవరో ఒకతను నిలబడి ఫోన్ మాట్లాడుతున్నాడు, మొహం కనిపించలేదు అన్నాను. నేను చూసింది అంతే. అక్కడ ఆపేసి ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఆయన ఇంకో ప్రశ్న అడగలేదు. పెన్ను కాగితం మీదే ఉంచి నా వంక చూస్తూ ఊరుకున్నారు. పైన ఫ్యాన్ కిర్రుమంటోంది. పది సెకన్లు ఉంటుందేమో. ఆ పది సెకన్లు నేను ఓర్చుకోలేకపోయాను. "ఎత్తూ అదీ చూస్తే మా వాచ్‌మన్ బావమరిదిలా అనిపించిందండీ" అన్నాను. అతను అప్పుడప్పుడు వచ్చి సెల్లార్‌లోనే పడుకుంటాడని, పనీపాటా ఉన్నట్టు లేదని కూడా తగిలించాను. ఇవేవీ ఆయన అడగలేదు. ఆ కుర్రాడి పేరు కూడా నాకు సరిగ్గా తెలియదు. రైటర్ చకచకా రాసేసుకున్నాడు. నేనన్న 'అనిపించింది' కాగితం మీద 'చూశాను' అయిందని చాలా రోజుల తర్వాత తెలిసింది. కింద సంతకం పెట్టమంటే చదవకుండానే పెట్టి, ఏదో పుణ్యకార్యం చేసినట్టు ఇంటికి వచ్చాను.

సాయంత్రం జీపు వచ్చింది. కుర్రాడిని తీసుకెళ్ళి మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంచుకున్నారు. ఈలోగా ఎదురింటి కెమెరా చూస్తే బైకులు పోయింది తెల్లవారుజామున మూడున్నరకు. వచ్చింది ఇద్దరు. ఇద్దరిలో ఎవరికీ ఆ కుర్రాడి పోలికే లేదు. ఆ టైముకి నేను గురక పెట్టి నిద్రపోతున్నాను. గేటు దగ్గర ఫోన్ మాట్లాడినతను మా రెండో అంతస్తు ఆయనేనట, సిగరెట్టు కోసం కిందికి దిగాడట.

కుర్రాడు తిరిగొచ్చాడు. లోపల ఏం జరిగిందో నేను అడగలేదు. కుంటుతూ నడుస్తున్నాడని మా ఆవిడ అంది. నేను చూడలేదు. చూడాల్సి వస్తుందని ఆ రెండు రోజులూ లిఫ్టులోంచి నేరుగా కారెక్కి వెళ్ళిపోయాను. వాచ్‌మన్ ఒక్క మాట అనలేదు. ఎప్పటిలాగే మోటారు వేశాడు, బళ్ళు తుడిచాడు. నాకు నమస్తే పెట్టడం మాత్రం మానేశాడు. రెండు నెలలకి సామాను సర్దుకుని వెళ్ళిపోయారు.

మా పెదనాన్న గారి అబ్బాయి లాయరు. సంగతి విని కడిగేశాడు. "ఏం చూశావని అడిగితే ఏమనుకుంటున్నావో చెప్పొచ్చావేంట్రా? పైగా సంతకమా! సాక్షి స్టేట్‌మెంట్ మీద సాక్షి సంతకం ఉండకూడదని చట్టంలోనే రాసుంది కదరా!"

నిజంగానే ఉంది. అప్పట్లో దాన్ని 161 స్టేట్‌మెంట్ అనేవారు. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ (నేర విచారణ పద్ధతుల చట్టం) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చాక అది 180వ సెక్షన్ అయింది. సంతకం వద్దన్న ముక్క దాని తర్వాతి సెక్షన్‌లో ఉంది. పోలీసులు రాసుకున్న ఆ కాగితం కోర్టులో సాక్ష్యం కాదు. రేపు మీరు బోనెక్కి వేరేలా చెబితే, ఆ రోజు ఇలా అన్నారుగా అని నిలదీయడానికే పనికొస్తుంది. మీరు రాసిచ్చిన ఫిర్యాదు వేరు, పంచనామా వేరు, వాటి మీద సంతకాలు ఉంటాయి. అవైనా చదివి పెట్టండి. తెల్ల కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా పెట్టకండి.

ఇక మీ స్నేహితుడి మౌనవ్రతం సంగతి. రాజ్యాంగం 20(3) అధికరణం ప్రకారం నిందితుడి చేత అతనికి వ్యతిరేకంగా బలవంతంగా సాక్ష్యం చెప్పించకూడదు. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పథి విజిలెన్స్ పోలీసులు ఇచ్చిన ప్రశ్నలకు జవాబు చెప్పనంటే ఆమె మీద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఈ రక్షణ కోర్టు గదిలోనే కాదు, పోలీసు ప్రశ్నల దగ్గర కూడా ఉంటుందని 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. అయితే ఇది మన మెడకు చుట్టుకునే ప్రశ్నలకే. మిగతా వాటికి నిజం చెప్పి తీరాలని ఆ 180వ సెక్షనే అంటుంది. పక్కింటి గొడవ కిటికీలోంచి చూసిన మనిషికి మౌనం హక్కు కాదు. అబద్ధం అంతకన్నా కాదు.

సినిమాల్లో అమెరికా పోలీసు చదివే 'మౌనంగా ఉండే హక్కు నీకుంది' అన్న డైలాగు 1966 నాటి మిరాండా తీర్పుతో వచ్చింది. మన దగ్గర అలా ఎవరూ చదివి వినిపించరు. తమాషా ఏమిటంటే, అక్కడ కూడా ఊరికే నోరు మూసుకుంటే చాలదు, మౌనంగా ఉంటానని నోరు తెరిచి చెప్పాలని 2010లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మీ స్నేహితుడికి ఇది చెప్పి మొహం ఎలా పెడతాడో చూడండి.

రోడ్డు మీద ఆపితే ఇంత తతంగం లేదు. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాల్సిందేనని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. డిజీలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. అడిగినవి చూపించి, అడిగినదానికి ముక్కలో చెప్పి కదలండి. అక్కడ సెక్షన్లు వల్లించేవాళ్ళని, మా మావయ్య ఎవరో తెలుసా అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వెనక జనం ఆఫీసులకి ఆలస్యమవుతుంటారు.

అన్నట్టు, వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని 'డిజిటల్ అరెస్టు' అనేవాడితో మాత్రం ఒక్క మాట కూడా వద్దు. అలాంటి అరెస్టు చట్టంలోనే లేదు. చిత్రం ఏమిటంటే, నిజం పోలీసు దగ్గర బిగుసుకుపోయే చదువుకున్నవాళ్ళే వీడి దగ్గర గంటల తరబడి మాట్లాడతారు.

మీ విషయానికి వస్తే, సాక్షిని పిలవాలంటే లిఖితపూర్వకంగా పిలవాలి. ఫోన్‌లో పిలిస్తే, నోటీసు కాగితం మీద పంపండి సార్ అని మర్యాదగా అడగండి. మీరు స్త్రీ అయినా, అరవై దాటిన పురుషుడైనా స్టేషన్‌కు రావాల్సిందేనని పట్టుబట్టకూడదు, వాళ్ళే మీ ఇంటికి రావాలి. వచ్చిన కాగితంలో 179వ సెక్షన్ అని ఉంటే మీరు సాక్షి. 35(3) అని ఉంటే అనుమానం మీ మీదే ఉందని అర్థం. అప్పుడు ముందు లాయరు, తర్వాతే స్టేషన్. నోటీసును పట్టించుకోకుండా ఇంట్లో కూర్చోవద్దు, అది అరెస్టుకు దారి.

వెళ్ళేటప్పుడు ఇంట్లోవాళ్ళని ఒకరిని తోడు తీసుకెళ్ళి బయట కూర్చోమనండి. ఫోన్ ఛార్జింగ్ చూసుకోండి, గంటన్నర పడుతుందని ముందే చెప్పాను. ఆ గొడవలో ఎవరు ఎవరిని ముందు కొట్టారో మీరు కళ్ళారా చూడకపోతే 'చూడలేదు సార్' అనండి. తర్వాత ఆయన పెన్ను పట్టుకుని మీ వంక చూస్తారు. చూడనివ్వండి. టీ ఇస్తే తాగండి.