సాఫ్ట్ కోరల్స్ ట్యాంకు కోసం చీటీ పాడాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంటెంటును. నా జీతం, మా ఆవిడ కుట్టుపని ఆదాయం కలిపి నెలకు రూ. 62,000. ఇంటి ఖర్చులు, ఆరోగ్య బీమా, పాప సుకన్య ఖాతా, రూ. 5,000 చీటీ పోగా రూ. 11,000 మిగులుతుంది. మూడడుగుల సముద్రపు అక్వేరియం పెట్టి సాఫ్ట్ కోరల్స్, అంటే గట్టి అస్థిపంజరం కట్టని మెత్తని పగడాలు, పెంచాలని చాలాకాలంగా కోరిక. హైదరాబాద్ దుకాణంలో రూ. 1,45,000 చెప్పారు. ట్యాంకు, స్టాండు 28,000, లైటు 42,000, నీటిని చల్లబరిచే చిల్లర్ 32,000, పంపులు, నీటిలోని మలినాలను నురగతో తీసే స్కిమ్మర్ 21,000, రాళ్లు, ఉప్పు, పరీక్ష కిట్లు 12,000, కోరల్స్ 10,000. రెండు లక్షల చీటీలో 14 నెలలు కట్టాను, ఇంకా 26 ఉన్నాయి. ఇప్పుడు పాడితే రూ. 1,52,000 చేతికొస్తుంది. పాడెయ్యనా? సుకన్య ఒక ఏడాది ఆపితే నెల ఖర్చు గట్టెక్కుతుంది. కోరల్స్ పెరిగాక ముక్కలు అమ్ముకోవచ్చనీ అంటున్నారు.

జవాబు: చీటీ పాడకండి. ట్యాంకు మాత్రం పెట్టుకోండి, వచ్చే ఏడాది దసరా తర్వాత. మీ ఆదాయానికి ఇది తగని కోరికేమీ కాదు. మీకిచ్చిన కొటేషనే మీ కోరికకు తగినట్టు లేదు.

ఇప్పుడు పాడితే పాటలో రూ. 48,000 వదులుకుంటారు. ఆ లైటు ధరకంటే ఇది ఎక్కువ. పైగా మిగిలిన 26 నెలలూ వాయిదాలు తప్పవు, జామీనుదారుల కోసం తిరగడమూ తప్పదు. పిల్ల చదువుకో వైద్యానికో అయితే నేనే పాడమనేవాణ్ణి. ఏడాది ఆగగలిగిన దానికి అంత మూల్యం చెల్లించడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఇక కొటేషన్. సాఫ్ట్ కోరల్స్ శరీరంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు ఉంటాయి. అవి వెలుతురుతో తయారుచేసే ఆహారమే కోరల్‌కు ప్రధాన ఆధారం. అందుకే దుకాణంలో ముందు లైటే చూపిస్తారు. కానీ ఎంత వెలుతురు అన్నది ముఖ్యం. శైవలాలు వాడుకోగల వెలుతురును చెప్పే పార్ అనే కొలతలో చూస్తే, సాఫ్ట్ కోరల్స్ రకాల్లో మష్రూమ్ కోరల్స్‌కు 50 చుట్టుపక్కల సరిపోతుంది. జోయాంతిడ్స్‌కు, లెదర్ కోరల్స్‌కు 75 నుంచి 150 చాలు. 200, 300 కావలసినవి గట్టి అస్థిపంజరం కట్టే రాతి పగడాలు. మీకు చెప్పిన 150 వాట్ల లైటు వాటికోసం చేసినది.

ఆ రాతి పగడాలను మీరు ఎలాగూ పెంచకూడదు. దిబ్బలు కట్టే పగడాలు, నల్ల పగడాలు, ఫైర్ కోరల్స్, సీ ఫ్యాన్స్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ కిందికి వస్తాయి. పులికిచ్చిన రక్షణే వాటికీ ఉంది. ఎవరైనా రహస్యంగా తెచ్చిస్తామంటే ఆ మాట అక్కడితో ఆపించండి. సీ ఫ్యాన్ సాఫ్ట్ కోరల్స్‌కు దగ్గరి చుట్టమే అయినా అదీ నిషిద్ధమే. సముద్రం నుంచి తీసిన రాళ్లు కూడా చాలావరకు పగడపు అస్థిపంజరాలే కాబట్టి కృత్రిమంగా చేసినవే కొనండి. కొన్న ప్రతి కోరల్‌కూ పేరు రాసిన బిల్లు అడిగి తీసుకోండి. చట్టం వద్దన్న జీవుల కోసం చేసిన లైటుకు రూ. 42,000 పెట్టడంలో అర్థం లేదు. మీ ట్యాంకు లోతు 18 అంగుళాలే. వెలుతురు పెంచి తగ్గించే వీలున్న 80 వాట్ల లైటు అందులో మూడో వంతు ధరకు చూడండి. ఇక్కడే సుమారు రూ. 27,000 మిగులుతుంది.

పంపు విషయంలోనూ ఇదే తీరు. రాళ్లు పోగా మీ ట్యాంకులో నిలిచే నీరు దాదాపు 150 లీటర్లు. సాఫ్ట్ కోరల్స్‌కు గంటకు ఆ నీటికి పది నుంచి ఇరవై రెట్లు కదిలితే చాలు, అంటే 1,500 నుంచి 3,000 లీటర్లు. కొటేషన్లో గంటకు 8,000 లీటర్లు కదిలించే వేవ్‌మేకర్, అంటే ట్యాంకులో అలలు పుట్టించే పంపు, ఒకటి ఉంది. ఆ ధార నేరుగా తగిలితే పాలిప్స్, అంటే కోరల్ మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న జీవులు, విప్పుకోవు, ఇసుకంతా ఒక మూలకు చేరుతుంది. దాని బదులు చిన్నవి రెండు తీసుకుని, చెరో పక్కన, ఎదురెదురుగా, వంతులవారీగా తిరిగేలా పెట్టండి. ప్రవాహం అద్దానికో రాయికో తగిలి చెదిరి కోరల్‌ను చేరాలి. పాలిప్స్ అటూ ఇటూ ఊగుతుంటే సరిగ్గా ఉన్నట్టు. ఒకే వైపు వాలిపోయి ఉంటే పంపు ముఖం తిప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కోరల్స్‌ను ఎక్కడ పెడతారన్న దాంట్లోనే మీ డబ్బు నిలవడమో పోవడమో ఉంది. మష్రూమ్స్ అడుగున, రాతి నీడలో, నీరు నెమ్మదిగా కదిలే చోట ఉండాలి. జోయాంతిడ్స్ నడిమి ఎత్తులో. లెదర్ కోరల్ కాస్త పైన, ప్రవాహం బాగా తగిలే చోట. గ్రీన్ స్టార్ పాలిప్స్ మాత్రం పెద్ద రాళ్ల గుట్టకు ఆనించకండి. అది చాపలా పాకి పక్కవాటిని కప్పేస్తుంది. ఇసుకలో విడిగా ఒక రాయి ఇచ్చి దాని మీదే ఉంచండి. కొత్తగా తెచ్చిన దేన్నైనా ముందు అడుగునే పెట్టి, లైటు సగానికి తగ్గించి, కొన్ని వారాల్లో నెమ్మదిగా పెంచండి. జోయాంతిడ్స్ కాడలు సాగి పొడవవుతుంటే వెలుతురు చాలడం లేదు. రంగు వెలిసి పాలిపోతుంటే ఎక్కువైంది. రెండింటికీ మందు ఒక్కటే, చోటు మార్చడం.

లెదర్ కోరల్ అప్పుడప్పుడు ముడుచుకుపోయి, పైన మైనం పూసినట్టు పొర కడుతుంది. కొన్ని రోజులు అలాగే ఉంటుంది. చాలామంది అప్పుడు కంగారుపడి ట్యాంకులో పోసే మందులు సీసాల మీద సీసాలు కొంటారు. అది జబ్బు కాదు, పాత పొర వదులుకుంటోంది. ప్రవాహం బాగుంటే ఆ పొర ఊడి కొట్టుకుపోతుంది, పాలిప్స్ మళ్లీ విచ్చుకుంటాయి. ఆ రోజుల్లో పర్సు తీయకండి.

లైటులో తగ్గించమన్నాను కదా అని చిల్లర్‌లో తగ్గించకండి. ఈ నీటికి 24 నుంచి 26 డిగ్రీలు కావాలి. మే నెలలో మన నల్లగొండ జిల్లాలో బయట 44 దాటుతుంది. ఫ్యాను గాలితో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, అంతే. చిల్లర్ లేకుండా ఇక్కడ కోరల్స్ పెంచడమంటే ఏటా వేసవిలో వాటిని చంపి మళ్లీ కొనడమే. అలా చేయమని ఎవరికీ చెప్పలేను. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద లైటు అక్కర్లేదు. చిన్న వేవ్‌మేకర్ ఒక్కటి నడిస్తే చాలు. ఒక పూట చీకటిని కోరల్ తట్టుకుంటుంది, కదలని నీటిలో ప్రాణవాయువు తగ్గితే తట్టుకోలేదు.

మీరు పంపిన విద్యుత్ బిల్లులు దగ్గర పెట్టుకుని లెక్క వేశాను. జనవరిలో 180 యూనిట్లు కాల్చారు. మొదటి 100కు రూ. 3.40, తర్వాతి 80కి రూ. 4.80 చొప్పున 724. తొమ్మిది గంటల లైటుకు నెలకు 22, పంపులకు 29, మొత్తం 51 యూనిట్లు కలుస్తాయి. రూ. 4.80 చొప్పున 245 పెరుగుతుందని అనిపిస్తుంది. కానీ 200 దాటగానే స్లాబు మారి, మొదటి 200 యూనిట్లకూ రూ. 5.10, ఆపైన రూ. 7.70 పడుతుంది. బిల్లు 1,259 అవుతుంది. పెరిగింది 535. మేలో కూలర్లతో మీరు ఎలాగూ 260లో ఉన్నారు. చిల్లర్ 200 వాట్లతో రోజుకు పది గంటలు తిరిగితే మరో 60 యూనిట్లు కలిసి 371కి చేరతారు. 300 పైన యూనిట్ 9 రూపాయలు. ఆ నెల 947 ఎక్కువ. వానాకాలంలో చిల్లర్ తిరిగేది కూడా కలిపితే ఏడాదికి సుమారు రూ. 9,000 పెట్టుకోండి. స్థిర చార్జీలు ఇందులో లేవు. 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి వర్తించే ఇళ్లకైతే దెబ్బ ఇంకా పెద్దది, 200 దాటిన నెలలో సున్నా బిల్లు రాదు.

కొటేషన్లో లేనిది ఒకటుంది, నీరు. మన బోరు నీటి కాఠిన్యం, ఫ్లోరైడ్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా తీసేసే డీఐ దశ ఉన్న ఫిల్టర్‌కు రూ. 8,000 కేటాయించండి. వారానికి పదో వంతు, అంటే 15 లీటర్లు మార్చాలి. లీటరుకు 35 గ్రాముల లెక్కన నెలకు రెండు కిలోల పైన అక్వేరియం ఉప్పు కావాలి. ఆవిరైన నీటికి బదులు మాత్రం ఉప్పు లేని నీరే పోయాలి, ఉప్పు ఆవిరి కాదు కదా. కరెంటు, ఉప్పు, ఫిల్టర్లు కలిపి నెలకు రూ. 2,000 అనుకోండి.

లైటులో 27,000, వేవ్‌మేకర్‌లో 4,000, మొదటి విడత కోరల్స్ మూడు వేలకే పరిమితం చేస్తే 7,000 తగ్గి, ఫిల్టర్ 8,000 కలిసి మొత్తం రూ. 1,15,000. దాని పక్కన రూ. 15,000 మరమ్మతుల నిధి. చిల్లర్ మే నెలలోనే చెడిపోతుంది, అప్పుడు చేతిలో డబ్బుండాలి. ఈ నెల నుంచే బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్‌కు రూ. 8,000 కట్టండి. అసలు 96,000, వడ్డీ మూడు వేల పైచిలుకు, మిల్లులో మీకు ఏటా వచ్చే పండుగ బోనస్ 30,000 కలిస్తే దాదాపు అక్కడికి చేరతారు. మిగిలిన మూడు వేలలో రెండు వేలు, ట్యాంకు ఇప్పటికే నడుస్తున్నట్టు, నెలనెలా వేరే ఖాతాలో వేయండి. ఏడాది పాటు ఆ రెండు వేలు ముట్టుకోకుండా ఇల్లు గడిస్తే ట్యాంకు నడపగలరు. ఆ సొమ్ము మీ అత్యవసర నిధికి చేరుతుంది.

సుకన్య ఆపొద్దు. కనీసం ఏడాదికి 250 కడితే ఖాతా బతికే ఉంటుంది, నిజమే. కానీ తొలి ఏళ్లలో వేసిన డబ్బుకే చక్రవడ్డీ ఎక్కువ కాలం దొరుకుతుంది. పాప వంతు తీసి ట్యాంకులో పోయకండి.

ముక్కలు అమ్మి సంపాదించే ఆలోచన లెక్కలోంచి తీసేయండి. సాఫ్ట్ కోరల్స్ పెరుగుతాయి, కోస్తే రెండవుతాయి కూడా. కొనేవాళ్లు మిర్యాలగూడలో ఎందరున్నారు? ఇంకో మాట, జోయాంతిడ్స్‌లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. చేతి తొడుగులు, కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా వాటిని ముట్టుకోకండి, కోయకండి. అవి అంటుకున్న రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ వేడినీళ్లలో మరిగించకండి, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. పాపను ట్యాంకులో చేయి పెట్టనివ్వకండి.

దసరా తర్వాత నీరు నింపితే, కొత్త ట్యాంకు నీటిలో చేరే విషపదార్థాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చలికాలంలో మష్రూమ్స్‌తో మొదలుపెట్టండి. అవి నిలదొక్కుకున్నాకే జోయాంతిడ్స్, చివరగా లెదర్ తెచ్చుకోండి. మే వచ్చేసరికి చిల్లర్ ఎన్ని గంటలు తిరుగుతోందో మీకు తెలిసిపోతుంది. ఆ నెల బిల్లు నాకు పంపండి, లెక్క మళ్లీ చూద్దాం.