డాక్టరు చదివి రీసెర్చ్ ఏమిటి?

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్ చివరి ఏడాదిలో ఉంది. షుగర్, బీపీ, కిడ్నీ జబ్బుల్లో పేదవాళ్లే ఎందుకు ఎక్కువ నష్టపోతున్నారో పరిశోధన చేస్తానంటోంది. ఇన్నేళ్లు చదివించింది వైద్యం చేస్తుందనే కదా! అసలు అందులో కెరీర్ ఉంటుందా? - ఒక తల్లి

జవాబు: ముందు మీ టెన్షన్ సగం తగ్గించే మాట చెబుతాను. ఈ దారిలో వెళ్లేవాళ్లు వైద్యం మానేయరు. వారంలో ఒకటి రెండు రోజులు క్లినిక్‌లో పేషెంట్లను చూస్తారు, మిగతా రోజులు పరిశోధన చేస్తారు. పేషెంట్లను చూడకపోతే వీళ్లకు ప్రశ్నలే దొరకవు.

ఆ ప్రశ్నలు ఎక్కడ పుడతాయంటే, కేస్ షీట్‌లో డాక్టర్లు తరచూ రాసే ఒక మాట ఉంటుంది: 'మందులు సరిగా వాడటం లేదు'. బయట క్యూ ఉంటుంది కాబట్టి అంతకు మించి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. మీ అమ్మాయిలాంటివాళ్లు ఆ మాట దగ్గరే ఆగుతారు. ఎందుకు వాడటం లేదు? చెకప్‌కు వస్తే ఆ రోజు సంపాదన పోతుందా? ఇన్సులిన్ దాచుకోవడానికి ఇంట్లో ఫ్రిజ్ లేదా? నెలకు సరిపడా కొనలేక రోజు విడిచి రోజు వేసుకుంటున్నారా? డాక్టరు చెప్పింది అర్థం కాలేదా, మళ్లీ అడగడానికి మొహమాటమా? వీటిలో దేనికీ డోసు పెంచడం పరిష్కారం కాదు.

ఇది కొత్తగా వచ్చిన ఫ్యాషనేమీ కాదు. వేల్స్‌లోని బొగ్గు గనుల ఊళ్లో జనరల్ డాక్టరుగా పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్, వైద్యం అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువగా దొరుకుతుందని 1971లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. మన కాలంలోనైతే లీసా కూపర్ ఉన్నారు. లైబీరియాలో పుట్టి, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేస్తున్న ఫిజీషియన్. డాక్టరు, పేషెంటు మాట్లాడుకునే తీరు చికిత్సలో ఎలాంటి తేడా తెస్తుందన్నది ఆమె ప్రధాన పరిశోధనల్లో ఒకటి. 2007లో అమెరికాలో ప్రతిభావంతులకిచ్చే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది.

అయితే మీ అమ్మాయికి ఒక మాట గట్టిగా చెప్పండి. పేదవాళ్ల ఆరోగ్యానికీ మిగతావాళ్ల ఆరోగ్యానికీ తేడాలున్నాయని చూపించే పరిశోధన పేపర్లు బోలెడున్నాయి. తేడాను తగ్గించి చూపించినవే తక్కువ. కెరీర్ ఈ రెండో రకం మీద కట్టుకోవాలి.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ లాస్ ఏంజెలెస్ సెలూన్లది. నల్లజాతి మగవాళ్లలో బీపీ సమస్య ఎక్కువ, డాక్టరు దగ్గరికి వెళ్లడం తక్కువ. కానీ క్షవరానికి ఒకే షాపుకు ఏళ్ల తరబడి వెళ్తారు. గుండె డాక్టరు రొనాల్డ్ విక్టర్ బృందం 52 షాపుల్లో 319 మందితో ట్రయల్ చేసింది. కొన్ని షాపులకు ఫార్మసిస్టే వచ్చి బీపీ చూసి, డాక్టర్లతో ముందే చేసుకున్న ఒప్పందం ప్రకారం మందులు రాసేవారు. మిగతా షాపుల్లో బార్బర్లు మంచి అలవాట్ల గురించి, డాక్టరును కలవమని చెప్పడం వరకే. ఆరు నెలలకు పై బీపీ సగటున మొదటివాళ్లలో 27 పాయింట్లు తగ్గింది, రెండోవాళ్లలో 9 మాత్రమే. ఈ ఫలితాలు 2018లో వచ్చాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు, ఉన్న మందును మనిషి దగ్గరికి చేర్చారంతే.

ఇలాంటి ట్రయల్ నడపాలంటే సేవా భావం ఒక్కటే చాలదు, లెక్కలు రావాలి. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో చూసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (వైద్య గణాంకాలు), ట్రయల్ డిజైన్, వీటితోపాటు మనుషుల్ని కూర్చోబెట్టి పద్ధతిగా ఇంటర్వ్యూ చేసే నేర్పు. నన్నడిగితే ముందు స్పెషలైజేషన్ పూర్తి చేయమంటాను. జనరల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్, ఎండోక్రైనాలజీ (షుగర్, హార్మోన్ల జబ్బులు), నెఫ్రాలజీ (కిడ్నీ జబ్బులు), ఏదైనా సరే. ఆ తర్వాత ఏడాది రెండేళ్ల ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో మాస్టర్స్ డిగ్రీ. పీహెచ్‌డీకి తొందరేం లేదు, ఎంపీహెచ్ చేస్తున్నప్పుడే అది కావాలో వద్దో తేలిపోతుంది. ఈలోగా ఇంటర్న్‌షిప్‌లోనే చిన్న పని ఒకటి మొదలుపెట్టొచ్చు: షుగర్ క్లినిక్‌కు రావడం మానేసినవాళ్లెవరు, ఎందుకు మానేశారు? ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, గైడ్‌ను పెట్టుకుని చేయాలి సుమా.

డబ్బు సంగతీ దాచను. సొంత ప్రాక్టీసు పెట్టిన క్లాస్‌మేట్ల సంపాదనతో పోల్చుకుంటే సాధారణంగా తక్కువే. పరిశోధన గ్రాంట్ల మీద, అంటే దరఖాస్తు చేసి తెచ్చుకునే నిధుల మీద నడుస్తుంది, దరఖాస్తులు తిరిగిరావడం మామూలే. అందుకే ఉద్యోగంలో చేరేటప్పుడు హోదా కన్నా ముందు, పరిశోధనకు వారంలో ఎన్ని రోజులిస్తారో రాతపూర్వకంగా అడగాలి. అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్, పరిశోధకులుగా ఎదగడానికి ఇచ్చే 'కె' అవార్డుల్లో చాలావాటికి పని సమయంలో కనీసం 75 శాతం దీనికే ఇవ్వాలన్న షరతు ఉంటుంది. అలాంటి హామీ లేని చోట డ్యూటీలే రోజంతా మింగేస్తాయి, పేపరు రాత్రి పదింటికి మొదలవుతుంది.

గైడ్ విషయంలోనూ పేరు చూసి మోసపోవద్దు. వారి దగ్గర శిక్షణ పొందినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో, తమ పేరుతో సొంతంగా గ్రాంట్లు తెచ్చుకుంటున్నారో లేదో కనుక్కోమనండి. ఇద్దరు ముగ్గురికి మెయిల్ పెడితే ఒక్కరైనా జవాబిస్తారు.