వాట్సాప్ గ్రూపు పెట్టండి, రేడియోని మాత్రం అటకెక్కించకండి

"ఊళ్ళో రైతులకి వాట్సాప్ గ్రూపు పెడదామనుకుంటున్నా, ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటారు?" అని అడిగారు కదా. మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లెటూరు, 2017 నుంచి అలాంటి గ్రూపే నడుపుతున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతా. వరిలో కాండం తొలుచు పురుగు కనబడితే "కార్టాప్ ఎకరాకు 8 కిలోలు" అని టైపు చేసి పడేశాను. అది 4జి, అంటే 4 శాతం మందుండే గుళికల లెక్క, అదే మందు 50 శాతం పొడి అయితే లీటరు నీటికి 2 గ్రాములే. గుళికలు అన్న ఒక్క మాట రాయడం మరిచిపోయాను. మా మావయ్య కొట్టుకెళ్ళి 8 కిలోల పొడి అడిగితే "ఎకరానికా, ఊరంతటికా?" అని నవ్వారట. సాయంత్రం గట్టు మీద పట్టుకున్నాడు, "ఏటిరా అల్లుడూ, చదువుకున్నోడివి, ఇలాగేనా రాయడం?" అని. అప్పట్నుంచి వాయిస్ మెసేజే, నిమిషం దాటదు, ఒకసారికి ఒకటే విషయం, పక్కన మందు ప్యాకెట్ ఫొటో. చదవడం రాని మా పెద్దమ్మ కూడా కలుపు తీస్తూ వింటుంది.

ఫార్వర్డ్ వీడియోలది ఇంకో తలనొప్పి. గోదావరి డెల్టాలో ఊడ్పులు అయ్యే సమయానికి మా ఊరి చెరువు కింద ఇంకా ఉభాలే (ఊడ్పుల్ని మా వైపు అలాగే అంటాం) మొదలవవు, వాళ్ళ తేదీలు చూసుకుని మేం ఎరువు ఎలా వేస్తాం? ఏ జిల్లాదో చెప్పని వీడియో తీసేస్తాను, తిట్టుకున్నా సరే.

ఇక రేడియో. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేదు, సిగ్నల్ లేదు, మా గ్రూపంతా మూగబోయింది. మా నాన్న మాత్రం రబ్బరు బ్యాండు చుట్టిన పాత రేడియోలో విశాఖపట్నం కేంద్రం పట్టి, శాలలో కూర్చుని వార్తలు విన్నాడు, చుట్టూ పది మంది.

వాతావరణ శాఖ మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే వ్యవసాయ సలహాలు నేను చూసి, మన యాసలో చదివి పెడతాను. నాకూ తెలియకపోతే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551, ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. రకం పేరు, నాటి ఎన్ని రోజులైందో చూసుకుని చెయ్యండి, నన్ను ముందు అవే అడిగారు.