సందేహాలు – సమాధానాలు: అరిగిందా, అరుగుదలకు గురైందా?

సందేహం: దంతవైద్య విద్యార్థుల కోసం ఆర్టిక్యులేటర్ (దవడల కదలికను అనుకరించే పరికరం) గురించి తెలుగులో పాఠం రాస్తున్నాను. "ఆర్టిక్యులేటర్ అరుగుదలకు గురైనప్పుడు దాని ఖచ్చితత్వం క్షీణతకు లోనవుతుంది" అని రాశాను. అరుగుదల అంటే జీర్ణశక్తి కదా, తరుగుదల అనాలని ఒక మిత్రుడు అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరం అరుగుదల మీద. నాకు మింగుడుపడనిది 'గురైనప్పుడు'. 'అరిగితే' అనే నాలుగక్షరాల మాట ఉండగా ఇంత పొడుగెందుకు? క్రియతో సరిపోయే చోట నామవాచకం చేసి, దానికి 'గురి' తగిలించడం ఈ మధ్య బాగా ముదిరింది. అది పాఠాల్లోకీ రావడం బాధగా ఉంది.

ఇక అరుగు. నూరడాన్ని తమిళంలో 'అరై', కన్నడంలో 'అరె' అంటారు. ఆకురాయి తమిళంలో 'అరం'. మన అరుగు ఆ కుటుంబానిదేనని నా అభిప్రాయం. ఒకదానితో ఒకటి రాసుకుని కొంచెం కొంచెంగా పొడైపోవడం దీని మూలభావం. తిన్నది అరగడం కూడా నలగడం నుంచే వచ్చి ఉండాలి. జీర్ణశక్తి ఈ మాటకు ఒక కొమ్మ, అంతే.

ఆర్టిక్యులేటర్‌లో జరిగేది సరిగ్గా ఈ రాపిడే. పై దవడ, కింది దవడ అచ్చులను దానికి బిగించి, నోటి కదలికలను బల్ల మీద చేయిస్తారు. కండైల్ గుండు, అంటే దవడ కీలు కొనకు బదులుగా ఉండేది, తన గాడిలో మళ్లీ మళ్లీ జారుతుంది. ముందుండే ఇన్‌సైజల్ పిన్ను కొన కింది పలకకు రాసుకుంటుంది. ఆ చోట్లే అరిగి, కీలు వదులవుతుంది. పళ్లు తగిలే చోటును 8 మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని) రేకుతో పరీక్షించే పనిలో ఆ వదులు చిన్నది కాదు. అచ్చులు ఒక్కోసారి ఒక్కో చోట కలుస్తాయి. దాని మీద చేసిన క్రౌన్ (పంటి తొడుగు) నోట్లో ఎత్తుగా తగిలితే వైద్యుడు అరగదీయాలి. పరికరం అరిగితే తొడుగు అరగదీయాల్సి వస్తుంది! అకర్మకం, సకర్మకం ఒకే ధాతువు నుంచి ఇంత చక్కగా అమరుతుంటే క్షీణత దేనికి? అందులో రాపిడి లేదు. చంద్రుడు క్షీణిస్తాడు, అరగడు.

తరుగుదల లెక్కల మాట. తూకం, నిల్వ, విలువ తరుగుతాయి. కావ్యాల్లో 'అరిగెను' అంటే వెళ్లెను. దాన్ని ఇక్కడ కలపకండి. 'ఖచ్చితం'లో ఒత్తు 'ఖ'కు పని లేదు, కచ్చితం చాలు. సంస్కృతంలో 'ఖచితం' అంటే పొదిగినది.

అయితే అరిగిన పరికరం మొదట పోగొట్టుకునేది నిలకడ అని కూడా మీ పాఠంలో చెప్పండి. ఎన్నిసార్లు మూసినా ఒకే చోటికి రావడం నిలకడ. ఆ చోటు రోగి నోట్లో ఉన్న చోటే కావడం కచ్చితత్వం. ఫేస్‌బోతో (దవడ కీళ్లకు పై దవడ ఎక్కడుందో కొలిచే పరికరంతో) తీసిన కొలత తప్పయితే, కొత్త ఆర్టిక్యులేటర్‌లోనూ మొదటిది ఉండి రెండోది లేకపోవచ్చు. రెండింటికీ ఒకే మాట వాడితే విద్యార్థి తికమకపడతాడు.

"ఆర్టిక్యులేటర్ అరిగితే దాని కచ్చితత్వం తగ్గుతుంది" అని రాయండి. శీర్షికకు నామవాచకం కావాలంటే అరుగుదలను తప్పనను. నాకు మాత్రం 'అరిగిపోవడం' ఎక్కువ ఇష్టం.